ఎడమవైపు ముందు టైరు

అద్దెకి కారు తీసుకునేవాళ్ల మొహాలు పద్నాలుగేళ్లుగా చూస్తున్నాను. తాళం చేతికిచ్చే ముందు నేను అడిగేది ఒక్కటే ప్రశ్న. "ఇన్సూరెన్స్ తీసుకుంటారా, వద్దా?" అంతే, అప్పటిదాకా పెళ్లికొడుకులా నవ్వుతున్న మనిషి కాస్తా పన్ను పీకించుకోడానికి వచ్చినవాడిలా అయిపోతాడు. తీసుకుంటే డబ్బు దండగేమో అని బాధ. తీసుకోకపోతే కొంప మునుగుతుందేమో అని భయం. ఆ రెండింటి మధ్యా మనిషి నలిగే రెండు నిమిషాల మీదే నా కమీషన్, నా ఇంటి అద్దె, నా బతుకు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాట చెప్తున్నాను.

ఆ బతుకు మీద రోజూ మట్టికొట్టే మనిషి ఒకాయన మా యార్డులో ఉండేవాడు. కార్లు తనిఖీ చేసే ముసలాయన. అందరూ సొట్టల బాబాయ్ అనేవాళ్లు. నేను ఉత్త బాబాయ్ అనేదాన్ని. వరసకి ఏమీ కాడు. కానీ నా టిఫిన్ డబ్బాలో మూత తీసి ఏముందో చూసే చనువు ఆయనకి తప్ప ఎవరికీ లేదు.

ఆయన పని ఏంటంటే, కారు బయటికి వెళ్లేముందు చుట్టూ తిరిగి ఒక కాగితం నింపాలి. కాగితం మీద కారు బొమ్మ ఉంటుంది, నాలుగు వైపుల నుంచీ, పైనుంచీ. ఎక్కడ గీత ఉంటే అక్కడ గీత, ఎక్కడ సొట్ట ఉంటే అక్కడ సున్నా, పగులో కోతో ఉంటే ఇంటూ గుర్తు. కింద ఆయన సంతకం, కస్టమర్ సంతకం, మా ఆఫీసు స్టాంపు. కారు తిరిగొచ్చాక మళ్లీ చుట్టూ తిరుగుతాడు. కాగితంలో లేని గీత కారు మీద ఉందంటే కస్టమర్ చేతి చమురు వదిలినట్టే.

అంతకుముందు ముప్పై ఏళ్లు ఏదో రేకుల షెడ్డులో సొట్టలు తీసే పని చేశాడు. పొద్దస్తమానం సుత్తి దెబ్బలు విని విని ఎడమ చెవి పోయింది. ఎడమవైపు నిలబడి ఏం మాట్లాడినా నవ్వేవాడు. వినపడలేదని చెప్పుకోడానికి నామోషీ. తెలియనివాళ్లు, ఆహా ఎంత నెమ్మదైన మనిషో అనుకునేవాళ్లు. నెమ్మదా నా మొహమా! కుడివైపు నిలబడి ఒక్క మాట అని చూడమనండి, తిరిగి నాలుగు అంటించేవాడు.

చేతి వేళ్లు మడిచి, వెనకవైపుతో కారు ఒళ్లు నిమురుతూ నడిచేవాడు. కళ్లు మూసుకుని చెప్పేవాడు. "ఇది పక్క కారు తలుపు తగిలింది. ఇది గేటు తగిలింది. ఇది మాత్రం పెళ్లాంతో గొడవపడి ఆ కోపంతో వెనక్కి తీసినప్పటిది." మేం నవ్వితే, "నవ్వకండి, నేనూ కొట్టాను అలాంటిది. పిన్నిని అడగండి" అనేవాడు. పిన్ని అంటే ఆయన భార్య. ఇస్త్రీ షాపు పైన మూడో అంతస్తులో ఇద్దరే ఉండేవాళ్లు. ఆవిడకి మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లు దిగి నాలుగేళ్లయింది.

ఇంతకీ నా కమీషన్ సంగతి. మా యార్డులో ఒక నీలం కారుండేది. దాని వెనక తలుపు మీద అరచేతంత సొట్ట. ఎవరో కొట్టారు, డబ్బు కట్టారు. మా వాళ్లు బాగుచేయించలేదు. బాబాయ్ కాగితం మీద సున్నా చుట్టాడు. మేనేజరు ఆ కాగితం చింపేసి, మచ్చ లేని కాగితం రాయించాడు. కారు వెళ్లి తిరిగొచ్చింది, ఆ సొట్ట కొత్తదన్నారు, రెండో మనిషి దగ్గర గుంజారు. అలా ఆ ఒక్క సొట్టకి నలుగురు కట్టారు. నాలుగో మనిషి ఒక పాలావిడ. పిల్లాడి చెవి ఆపరేషన్‌కి కారు తీసుకుంది. యార్డులో కూలబడి ఏడ్చింది.

ఆ రోజు నుంచి బాబాయ్ తన సొంత పద్ధతి ఒకటి మొదలుపెట్టాడు. నా కౌంటర్ వెనక అద్దం గోడ ఉంది. దాని అవతల నిలబడి, వచ్చిన మనిషి చెప్పులు చూసేవాడు. చెప్పులు అరిగిపోయి ఉంటే, నేను ఇన్సూరెన్స్ మాట ఎత్తగానే అక్కడి నుంచి తల అడ్డంగా ఊపేవాడు. వాళ్లు వద్దనేవాళ్లు. తర్వాత యార్డులోకి తీసుకెళ్లి, కారు మీద లేని గీతలు రెండు మూడు కాగితం మీద గీసేవాడు. బంపరు మీద ఒకటి, తలుపు మీద ఒకటి. రేపు దారిలో ఏదైనా రాసుకున్నా, "పాతదే, ఇదిగో రాసి ఉంది" అని వదిలేసేవాడు.

"బాబాయ్, నా నోటి దగ్గర కూడు లాక్కుంటున్నావు. నీకేం వస్తుంది?" అన్నానొకసారి, కుడి చెవి దగ్గర నిలబడి మరీ.

"నువ్వమ్మేదానిలో టైరు రాదు, అద్దం రాదు, కింద భాగం రాదు, పైకప్పు రాదు. ఇంకేం వస్తుంది, దేవుడి ప్రసాదమా?" అన్నాడు. "నా ఇన్సూరెన్స్ చూడు. పైసా అక్కర్లేదు. బాల్‌పెన్ను ఉంటే చాలు."

నిజమే, టైరూ అద్దమూ రావు. కానీ కారు మొత్తం పోతే వస్తుంది. అది ఆయనకి తెలియక కాదు. ముప్పై ఏళ్లు సొట్టలు తీసిన మనిషికి ప్రమాదమంటే సొట్టే. సుత్తితో సరిచేయలేనిది కూడా ఒకటుంటుందని ఆయన లెక్కలోకి రాలేదు.

లైబ్రరీ ఆవిడ వచ్చిన రోజు పొద్దున్నుంచీ ముసురు. నలభై ఏళ్లుంటాయి. లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే ఉద్యోగం అని ఫారంలో రాసింది. చెప్పు పట్టీ దారంతో కుట్టి ఉంది. వాళ్లమ్మ రెండు నెలలుగా ఆసుపత్రిలో ఉందట. ఇక ఇంటికి తీసుకెళ్లొచ్చు అన్నారట డాక్టర్లు. ఇల్లేమో కొండదారి దాటి ఆరు గంటల ప్రయాణం.

"అంబులెన్స్ పెడతానంటే మా అమ్మ ఒప్పుకోలేదండీ. శవంలాగా పడుకుని ఇంటికెళ్లను, ముందు సీట్లో కూర్చుని వెళ్తాను అంది," అంటూ నవ్వింది. నవ్వితే కళ్లు ఎర్రగా కనిపించాయి. మూడు రాత్రులుగా ఆసుపత్రి కుర్చీలోనే ఉన్నానని తనే చెప్పింది. నేను విన్నాను. "అయ్యో" అని కూడా అన్నాను. అని, ఫారం తిప్పి "ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

సంతకం వెంటనే పెట్టలేదు ఆవిడ. తొమ్మిది పేజీలూ నిలబడి చదివింది! పద్నాలుగేళ్లలో ఆ కాగితాలు చదివిన మనిషిని నేను ఆవిడనొక్కదాన్నే చూశాను. చదివి అడిగింది.

"టైరు పాడైతే ఇన్సూరెన్స్ వస్తుందా?"

"రాదండీ."

"అద్దం?"

"రాదండీ."

"మరి దేనికి వస్తుంది?"

"పెద్ద ప్రమాదం జరిగి, కారు మొత్తం పోతే," అన్నాను. రోజుకి నలభైసార్లు చెప్పే మాట కదా, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత తేలిగ్గా వచ్చింది నోటి నుంచి.

ఆవిడ పర్సు తెరిచి చూసుకుంది. అంతలో అద్దం అవతల బాబాయ్ తల ఊపడం ఆవిడ కంటబడింది. "ఆయన వద్దంటున్నారేంటి?" అంది. బాబాయ్ లోపలికొచ్చాడు.

"ఎన్నేళ్లయిందమ్మా నడపడం నేర్చుకుని?"

"పన్నెండేళ్లండీ. ఇంతవరకూ ఎక్కడా తగల్లేదు."

"అయితే ఇంకెందుకు దండగ? ఆ డబ్బు పెట్టి అమ్మకి పళ్లు కొనుక్కెళ్లండి."

ఆవిడ నా వైపు చూసింది. నేను ఇంకొక్క మాట గట్టిగా అని ఉంటే తీసుకునేది. మామూలుగా అంటాను కూడా. భయపెట్టి అమ్మడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆ రోజు మాత్రం ఆ దారం కుట్టిన చెప్పు చూసి జాలిపడ్డాను. నా జాలి తగలెయ్యా! ఎప్పుడూ పడనిదాన్ని ఆ ఒక్కరోజే పడాలా?

యార్డులో బాబాయ్ కాగితం నింపాడు. బంపరు మీద రెండు గీతలు గీశాడు. తర్వాత "ఏ దారిన వెళ్తారమ్మా?" అని అడిగాడు. కొండదారి అంది. ఆ దారి బాగుచేస్తూ కంకర పరిచి ఉంచారు, వెళ్లొచ్చిన కార్లన్నీ టైర్లు కోయించుకుని వస్తున్నాయి. టైరు కోసుకుంటే మా వాళ్లు కొత్తదాని ధర కక్కిస్తారు. బాబాయ్ కాసేపు ఆలోచించి, కారు బొమ్మలో ఎడమవైపు ముందు టైరు మీద ఇంటూ పెట్టి, పక్కన "కోత" అని రాశాడు. అంతకుముందు ఎన్నడూ టైరు జోలికి పోలేదు. ఆ రోజే.

ఆవిడ ఆ కాగితం కూడా చదివింది. చదివి, కారు దగ్గర గొంతుక్కూర్చుంది. నేను తాళం పట్టుకుని పక్కనే ఉన్నాను.

"ఏదండీ కోత? కనిపించడం లేదే."

"లోపలివైపమ్మా. పైపైన చిన్న గీత. ఏం కాదు, నాదీ పూచీ," అన్నాడు బాబాయ్.

ఆవిడ టైరు మీద చెయ్యి పెట్టి చూసింది. కొత్త టైరుకి రబ్బరు వెంట్రుకలుంటాయి, సన్నగా, పొడుచుకుని. వాటిల్లో ఒకటి వేళ్లతో పట్టుకుని, "ఇవేంటండీ, వెంట్రుకల్లాగా?" అంది. అప్పుడు బాబాయ్‌కి ఎడమవైపుకి జరిగి ఉంది ఆవిడ. ఆయన నవ్వాడు. నేను చెప్దామనుకునేలోపు లోపల ఫోన్ మోగింది. తాళం ఆవిడ చేతిలో పెట్టి పరిగెత్తాను.

ఆ సాయంత్రం నాలుగున్నరకి కొండ మలుపులో కారు దారి తప్పి బండకి కొట్టుకుని కిందికి దొర్లింది. దెబ్బంతా ఎడమవైపే. ముందు సీట్లో కూర్చున్న వాళ్లమ్మ అక్కడికక్కడే పోయింది. ఈవిడకి తుంటి విరిగింది. ఎడమవైపు ముందు చక్రం నుజ్జునుజ్జయి, టైరు ముక్కలు ముక్కలుగా దొరికింది. కారుని ఇక తూకానికి అమ్ముకోవాల్సిందే.

మూడో రోజు మేనేజరు నన్ను ఆసుపత్రికి పంపాడు. కారు ధర మొత్తం కట్టాలని నోటీసు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకురావాలి. ఆవిడ ఆరేళ్లు పస్తులుండి జీతమంతా దాచినా తీరే మొత్తం కాదది. వెళ్లను అని చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. వెళ్లాను.

వాళ్లమ్మ ఉన్న ఆసుపత్రే, ఇంకో వార్డు. ఆవిడ పైకప్పు చూస్తూ పడుకుంది. కంట్లో ఒక్క చుక్క లేదు. నన్ను గుర్తుపట్టి, నేనేమీ అడక్కుండానే చెప్పింది.

"కునుకు పట్టిందండీ నాకు. పట్టిందనే అనుకుంటున్నాను. అమ్మ వాళ్ల చిన్నప్పటి సంగతేదో చెప్తోంది. మాట మధ్యలో ఉంది. ఆ తర్వాత నాకేం గుర్తు లేదు. నేనే చంపుకున్నానండీ మా అమ్మని. కూర్చుని వెళ్తానంటే కూర్చోబెట్టి మరీ చంపాను."

ఈ మాటే మళ్లీ మళ్లీ అంది. ఎలాంటి గొంతనుకున్నారు? ఏ పుస్తకం ఏ అరలో ఉందో చెప్తున్నంత మామూలుగా. నర్సు నన్ను పక్కకి పిలిచి, కిటికీలున్న గది నుంచి ఆవిడని మార్చేశామని చెప్పింది. ఎందుకు మార్చారో వివరించక్కర్లేదు కదా. నోటీసు సంచీలోంచి తీయలేదు. అలాగే వెనక్కి తెచ్చేశాను.

బాబాయ్ యార్డులో పాత టైర్ల దొంతర మీద కూర్చుని ఉన్నాడు. మూడు రోజులుగా తిండి లేదు, గడ్డం మాసిపోయింది. కుడివైపు కూర్చుని అంతా చెప్పాను.

"కునుకు పట్టిందందా?" అన్నాడు.

"అంది."

"కునుకు పట్టిందనే అందా?" మళ్లీ అడిగాడు. వినపడింది, నాకు తెలుసు. "ఇంకెవరితోనైనా అందా ఈ మాట?"

"నర్సుతో చంపేశాను అంటోందట. కునుకు సంగతి నాకే చెప్పింది."

"అయితే నువ్వు విననే లేదు," అని లేచాడు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్లి, ఆ తనిఖీ కాగితం బల్ల మీద పెట్టాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"ఎడమవైపు ముందు టైరు కోసుకుపోయి ఉంది సార్. లోపల తీగలు బయటికి కనిపిస్తున్నాయి. చూసి కూడా పంపించాను. టైరు పేలి ఉంటుంది. ఆవిడ తప్పేం లేదు."

మేనేజరు మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. లేచి తలుపు వేయబోయి, నన్ను చూసి ఊరుకున్నాడు. "నీకు మతిపోయిందా? పొరపాటున రాశాను అని చెప్పు. నీకు ఉద్యోగం పోతుంది, అంతే. దాంతో సరి. చూసి పంపానన్నావంటే జైలుకెళ్తావు. మనిషి చచ్చిపోయిందక్కడ."

"చచ్చిపోయింది కాబట్టే చెప్తున్నాను."

"నిజంగానే కోసుకుపోయిందా?"

"రాసింది నేను. చదివి సంతకం పెట్టింది ఆవిడ. స్టాంపు మీది. ఇంకేం కావాలి సార్?"

మేనేజరు కాగితం తీసుకుని పైవాళ్లకి ఫోన్ చేశాడు. పాడైన కారు తెలిసి తెలిసి ఇచ్చినట్టు ఆఫీసు స్టాంపుతో కాగితం, దాని నకలు ఆవిడ దగ్గర. వారంలో పైవాళ్లు తేల్చేశారు. కారు డబ్బు ఆవిడని అడగక్కర్లేదు. తప్పంతా నిబంధన మీరిన తనిఖీదారుది. ఫిర్యాదు మా ఆఫీసే ఇచ్చింది.

పోలీసులు రావడానికి ముందు రోజు బాబాయ్‌ని నిలదీశాను. నాకు ఒళ్లు మండిపోతోంది.

"ఎవరిని మోసం చేస్తున్నావు బాబాయ్? ఆ టైరు నేను చూశాను. కొత్తది. వెంట్రుకలు కూడా ఊడలేదు."

"తెలుసు. నేనే బిగించాను, అంతకు రెండ్రోజుల ముందు."

"మరి? కారు డబ్బు సంగతైతే నలుగురం తలా కొంచెం వేసుకుందాం, కోర్టులో వాయిదాలు అడుగుదాం. దానికి జైలుకెళ్తారా ఎవరైనా? పైన పిన్ని ఉంది. మెట్లు దిగలేని మనిషి. ఆవిడ గతేంటి?"

"డబ్బు గురించి అయితే నువ్వన్నట్టే చేసేవాణ్ణి," అన్నాడు. "కిటికీ లేని గదిలో పెట్టారన్నావు చూడు, నాకు ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఇన్సూరెన్స్ వద్దన్నది నేను. పళ్లు కొనుక్కోమన్నది నేను. ఏం కాదు, నాదీ పూచీ అన్నది నేను. పూచీ అంటే నోటిమాటేనా? ఆ కళ్లు చూసి, 'అమ్మా, ఒక రెండు గంటలు పడుకుని బయల్దేరండి' అని ఒక్క మాట అనలేకపోయాను. లేని గీతలన్నీ కనబడ్డాయి నాకు, ఉన్న కళ్లు కనబళ్లేదు."

ఇక్కడ నాకు ఏడుపొచ్చింది. ఆ కళ్లు నేనూ చూశాను మరి.

"ఆవిడకి ఎప్పటికీ చెప్పకు," అని చెయ్యి చాపాడు. వేయనన్నాను. తిట్టాను కూడా. ఆయన చెయ్యి అలాగే చాపి కూర్చున్నాడు. చేతిలో చెయ్యేశాను.

పిన్నికి ఆయన ఏం చెప్పాడో నాకు తెలియదు. నేను వెళ్లేసరికి మంచం మీద అటు తిరిగి పడుకుంది. "ముప్పై ఏళ్లు ఇనుము కొట్టి కూడు పెట్టాడు. తీగలు బయటికొచ్చిన టైరు కనిపించి కూడా ఊరుకునే మనిషి కాదే మీ బాబాయ్. నువ్వు చెప్పవే, కాదు కదూ?" అంది. నేను తెచ్చిన సరుకులు డబ్బాల్లో పోశాను. ఆవిడ అటు తిరిగే ఉంది.

కోర్టుకి లైబ్రరీ ఆవిడ కర్ర పట్టుకుని వచ్చింది. బాబాయ్ బోనులో నిలబడ్డాడు, తెల్ల చొక్కా, పైగుండీ ఊడిపోయి. ఆవిడని మాట్లాడమన్నారు. జడ్జి వైపు చూడలేదు, ఆయన వైపే చూసింది. ఈసారి కుడివైపు ఉంది.

"ఏం కాదన్నారు కదండీ. నాదీ పూచీ అన్నారు కదా. నేను కిందకి వంగి అడిగాను కూడా. తీగలు బయటికొచ్చాయని మీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"తెలిసే ఇచ్చారా?"

"తెలిసే ఇచ్చానమ్మా."

"అయితే మా అమ్మని చంపింది మీరు."

"అవునమ్మా. మీరు కాదు, నేనే."

ఆవిడ కర్ర కింద పడిపోయింది. బల్ల పట్టుకుని, వాళ్లమ్మ పోయాక మొదటిసారి, గొంతు చించుకుని ఏడ్చింది. "ముసలాడా, నీ చేతులు పడిపోను, నీకు దిక్కులేని చావు రాను" అని శాపనార్థాలు పెట్టింది. జవాన్లు ఆవిడని పట్టుకుని బయటికి తీసుకెళ్లారు. బాబాయ్ తల వంచుకుని ప్రతి మాటా విన్నాడు. ఎడమ చెవి ఆవిడ వైపు తిప్పి తప్పించుకోవచ్చు. తిప్పలేదు.

రెండేళ్లు వేశారు. పద్దెనిమిది నెలలకి వదిలారు. ఆ పద్దెనిమిది నెలలూ పిన్నికి సరుకులు నేనే మోశాను. ఆయన తిరిగొచ్చాక ఎవరూ పనిలోకి రానివ్వలేదు. తెలిసి తెలిసి మనిషిని చంపినవాడని పేరు పడిపోయింది. కింద ఇస్త్రీ షాపు ఆయన, పాతికేళ్ల స్నేహితుడు, ఈయన మెట్లెక్కుతుంటే మొహం పక్కకి తిప్పుకునేవాడు. నాలుగు నెలలు బతికాడంతే. కూరగాయల సంచీతో రెండో అంతస్తు మలుపులో కూర్చుని, ఇక లేవలేదు. పైనుంచి పిన్ని పిలుస్తూనే ఉందట. ఎడమ చెవి పైకి తిరిగి ఉండి వినపడలేదేమో అనుకుని ఇంకా గట్టిగా పిలిచిందట.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుకుంటున్నానంటే, పోయిన నెల లైబ్రరీ ఆవిడ మళ్లీ వచ్చింది.

బాబాయ్ జైలుకెళ్లినప్పటి నుంచి మా యార్డులో తనిఖీ మనిషిని పెట్టలేదు. ఇప్పుడు కౌంటరూ నేనే, తనిఖీ కూడా నేనే. ఆవిడ కుంటుతూ వచ్చి నిలబడింది. మనిషి కోలుకుంది, కాస్త ఒళ్లు చేసింది. వాళ్లమ్మ పేరున ఊళ్లోని బడికి రెండు పెట్టెల పుస్తకాలు ఇవ్వడానికి వెళ్తోందట. ఆ దారిలో మళ్లీ నడపగలనా అని చాలా భయపడ్డానని, తన తప్పు కాదు కదా అని ధైర్యం చెప్పుకుని వచ్చానని చెప్పింది. నేను ప్రశ్న అడగబోతే, "ఇన్సూరెన్స్ ఉన్నదంతా తీసుకుంటాను" అంది.

"రాత్రి బాగా పడుకున్నారా అమ్మా?" అని అడిగాను. ఈ ప్రశ్న ఇప్పుడు అందరినీ అడుగుతున్నాను. కొందరు విచిత్రంగా చూస్తారు. ఆవిడ మాత్రం, పడుకున్నాను అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ ముసలాయన బయటికొచ్చాడని విన్నాను. ఇక్కడ లేడు కదా?" అంది.

"లేడమ్మా. పోయాడు."

"పోయాడా?" సంతకం పెట్టిన కాగితాలు నా వైపు జరిపింది. "మంచిదైంది," అంది.

యార్డులోకి తీసుకెళ్లాను. సిద్ధం చేసి ఉంచిన కారు చుట్టూ ఆవిడ తిరిగింది. అప్పుడు గమనించాను నేను. ఆ కారుకి నాలుగు టైర్లూ అంతకు ముందురోజే మార్చారు. ఆపుదామనుకునేలోపు కర్ర పక్కన పెట్టి, తుంటి పట్టుకుని ఎడమవైపు ముందు టైరు దగ్గర కూర్చుంది. చెయ్యి పెట్టింది. ఒక వెంట్రుక వేళ్లతో పట్టుకుంది.

"ఇవేంటండీ?" అంది. "ఆ రోజు కూడా ఉన్నాయి ఇవి. నాకు బాగా గుర్తు. నేను అడిగాను, ఆయన నవ్వాడు."

కొత్త టైరుకి ఉంటాయమ్మా అంటే చాలు. ఒక్క మాట. ఆయన మీద పడ్డ మచ్చ చెరిగిపోతుంది, పిన్నికి మొగుడు తిరిగొచ్చినంత పనవుతుంది. ఈ మనిషి మాత్రం మళ్లీ ఆ కిటికీ లేని గదిలోకి పోతుంది.

"పాతబడ్డ టైరుకి రబ్బరు అలా పోగులు పోగులుగా లేస్తుందమ్మా," అన్నాను. "ఇది చూసుకోకుండా పెట్టారు. ఉండండి, వేరే కారు తెస్తాను."

"అంటే ఆ రోజుది కూడా…"

"అవునమ్మా. పాడైపోయిన టైరే."

ఆవిడ లేచి చేతులు దులుపుకుంది. "నేను చేత్తో పట్టుకుని అడిగితే నవ్వాడండీ వాడు. ఎంత దుర్మార్గుడో చూడండి."

"దుర్మార్గుడమ్మా," అన్నాను.

వేరే కారు తెచ్చాను. ఆరు నెలలు తిరిగిన గట్టి టైర్లు, వెంట్రుకలు లేనివి. ఆవిడ నాలుగింటి మీదా చెయ్యి వేసి చూసి, ఇవి బాగున్నాయి అంది. పుస్తకాల పెట్టెలు ఎక్కించి, బెల్టు పెట్టుకుని, మెల్లగా గేటు దాటింది. కొండదారిలో మూడు పంక్చరు షాపులున్నాయి. ఏ షాపువాడిని అడిగినా నా మాట అబద్ధమని తేలిపోతుంది. ఆవిడేమో ప్రతిదీ అడిగి తెలుసుకునే మనిషి.